బొంతలు కుట్టే కాలిమిషను: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా నా దగ్గర ఉన్న నల్లటి ఇనుప కాలిమిషను గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పాత నూలు చీరలతో బొంతలు కుట్టి అమ్మే చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునేవారికి, ఇంటి పట్టున కుట్టుపనితో నాలుగు రూపాయలు సంపాదించాలని ఉన్నా ఏ మిషను కొనాలో తేల్చుకోలేకపోతున్నవారికి ఇది పనికొస్తుందని నా ఆశ. జాకెట్లు, చుడీదార్లు మాత్రమే కుట్టేవారికి ఇందులో సగం అనవసరం. వారి పనికి ఇంతకంటే తేలికైన, వేగమైన మిషన్లు చాలా ఉన్నాయి.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. మన ఊళ్లలో టైలర్ల దగ్గర కనిపించే నల్ల మిషన్లు చాలావరకు ఒకే పాత సింగర్ నమూనాకు నకళ్లు. పంజాబులోని లూథియానా ఈ మిషన్ల తయారీకి పేరుమోసిన ఊరు. అక్కడి చిన్నా పెద్దా కర్మాగారాల నుంచి రకరకాల పేర్లతో వచ్చేవన్నీ పక్కపక్కన పెడితే మెడ మీది బంగారు రంగు పూల డిజైనులో తప్ప పెద్దగా తేడా కనిపించదు. దీనివల్ల మనకొక లాభం ఉంది. బాబిను, బాబిను కేసు, సూది, తోలు బెల్టు వంటివి ఒక కంపెనీవి ఇంకో కంపెనీ మిషనుకు సాధారణంగా సరిపోతాయి. తెనాలిలో కుట్టు సామాను అమ్మే చిన్న కొట్టులో కూడా ఇవి దొరుకుతాయి. సామాను దొరకక నా మిషను ఇంతవరకు ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఈ మిషను నా ఇంటికి వచ్చిన తీరు చెప్పకుండా దాని పనితనం గురించి చెప్పలేను, ఎందుకంటే నాకు మొదట వచ్చింది ఇది కాదు. 2020లో బడులు మూతపడ్డాక ప్రైవేటు స్కూల్లో నేను చేస్తున్న ఉద్యోగం పోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక అత్తయ్య దగ్గర బొంత కుట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ చిన్నప్పటి నుంచి చేత్తోనే కుట్టేవారు. వేసవి మధ్యాహ్నాలు నట్టింట్లో చాప పరచి, దాని మీద చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా బరువుకు రుబ్బురోలు పొత్రం, ఇత్తడి బిందె, చేతికందిన మరేవైనా పెట్టి, పొడుగాటి సూదితో అంచు నుంచి అంచుకు గీత గీసినట్టు కుట్టుకుంటూ పోయేవారు. చేత్తో కుట్టే బొంత ఒకటి పూర్తి కావడానికి మా ఇద్దరికీ కలిపి పన్నెండు రోజులు పట్టింది. అది చూసిన మా వీధిలో ఒకావిడ తన మనవరాలికి అలాంటిదే కావాలని, తన చీరలే ఇస్తానని, కుట్టుకూలి ఎంతో చెప్పమని అడిగారు. మొదటి ఆర్డరు అదే. కూలి ఎంత చెప్పాలో మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

ఈ సంగతి ఫోనులో విన్న తమ్ముడు వారం తిరగకుండా బెంగళూరు నుంచి ఒక తెల్లటి ఎలక్ట్రిక్ మిషను ఆర్డరు పెట్టి పంపాడు. ముచ్చటైన వస్తువు. చేత్తో ఎత్తి బీరువా మీద పెట్టుకోవచ్చు, దీపం వెలుగుతుంది, రకరకాల కుట్లు వేస్తుంది, దారం తనే కత్తిరిస్తుంది. నూలుబట్ట రెండు పొరలు, మూడు పొరలు ఉన్నంతవరకు దాని పనికి వంక పెట్టలేము. బొంతకు మాత్రం ఆరు పొరలు. మొదటి గీత సగానికి వచ్చేసరికి మోటారు మూలగడం మొదలుపెట్టింది. కుట్లు ఒకటి పడితే రెండు తప్పుతూ వచ్చాయి. సన్నటి పదకొండో నంబరు సూది విరిగింది, అంతకంటే లావైన పద్నాలుగు వేస్తే అదీ విరిగింది, పదహారు వేస్తే సూది నిలిచింది గాని చక్రం తిరగలేదు. లోపలి పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి కావడం వల్ల ఇంకా బలవంతం చేస్తే పాడవుతుందని మరమ్మతు చేసే అతను చెప్పాడు. ఆ మిషను తప్పు ఇందులో ఏమీ లేదు. అది చెయ్యగల పని వేరు, నేను అడిగిన పని వేరు.

ఈ ముక్క తమ్ముడికి చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వాడు ఫోను చేసినప్పుడల్లా "మిషను ఎలా ఉందక్కా?" అంటే "బాగుందిరా" అనేదాన్ని, బొంతలు మాత్రం చేత్తోనే కుట్టేదాన్ని. చిన్న వ్యాపారం పెట్టుకునేవారికి అయినవాళ్ల సాయంలో ఉండే మొదటి చిక్కు ఇదని ఇప్పుడు అనిపిస్తోంది: వాళ్లు ఇచ్చింది మన పనికి సరిపోకపోతే ఆ మాట పైకి అనలేము, అనకపోతే పని సాగదు. కొట్టువాడైతే నిర్మొహమాటంగా వెనక్కి ఇచ్చేద్దుము. చివరికి నేను నసుగుతూ చెబితే వాడు నవ్వి, "ఆరు పొరలని ముందే చెప్తే నేనే వద్దనేవాణ్ణి కదా" అన్నాడు. అడగకుండా పంపినవాడు అన్న మాట అది! ఆ తెల్ల మిషను ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బొంత అంచులకు జిగ్‌జాగ్ కుట్టు వెయ్యడానికి, పేరు రాసిన చిన్న గుడ్డముక్క మూలలో కుట్టడానికి దానినే వాడుతున్నాను. ఆ పనిలో దానికి సాటి లేదు.

కాలిమిషనుకు డబ్బు అమ్మ ఇచ్చింది. తన చీటీ పాట నెల తిరక్కుండానే పాడి, వచ్చిన దాంట్లోంచి ఆరు వేలు నా చేతిలో పెట్టింది. ముందే పాడినందుకు ఎంత నష్టపోయిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. మా బజారులో చూపు మందగించి పని మానేసిన ఒక టైలరు గారి దగ్గర, స్టాండు, పై బల్ల, బెల్టు, అరడజను బాబిన్లతో సహా 2021లో నాలుగున్నర వేలకు ఈ మిషను కొన్నాను. మిగిలిన పదిహేను వందల్లో సూదులు, దారం ఉండలు, కత్తెర వచ్చాయి. కత్తెర మీద ఖర్చు తగ్గించుకోవద్దని ఆ టైలరు గారే చెప్పారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక పనితనం. ఒంటిమనిషి బొంతకు నేను మూడు చీరలు వాడతాను. ఐదున్నర మీటర్ల చీరను పొడవున రెండుగా మడిస్తే రెండు పొరలు వస్తాయి. లోపలికి రెండు చీరలు, పైకి కిందికి ఒక చీర, మొత్తం ఆరు పొరలు. పొడవు ఏడడుగులకు కత్తిరించి, వెడల్పు చీర పన్నానే ఉంచేస్తే నాలుగడుగులకు కాస్త తక్కువ ఉంటుంది. ఒకటిన్నర అంగుళాల ఎడంతో గీతలు వేస్తే సుమారు ముప్ఫై గీతలు, ఒక్కొక్కటి ఏడడుగులు, అంటే రెండు వందల పది అడుగుల కుట్టు. మిషను కుట్టుకు కుట్టు పొడవుకు సుమారు రెండున్నర రెట్ల దారం పడుతుంది. పై దారం, కింది దారం కలిపి ఒక బొంతకు నూట అరవై మీటర్లు ఖర్చవుతుందని లెక్క. ఈ ఇనుప మిషను పదహారో నంబరు సూదితో ఆ ఆరు పొరలను, అంచుల మడత దగ్గర పది పొరలను కూడా, గొంతు పట్టకుండా కుట్టుకుపోతుంది. జరీ అంచు అడ్డం వచ్చినప్పుడు పద్దెనిమిదో నంబరు వెయ్యాలి. అంతకంటే మేలైన పద్ధతి జరీని ముందే కత్తిరించి పక్కన పెట్టడం.

ఆ బలం ఎక్కడిదంటే, ఇందులో ప్లాస్టిక్ లేకపోవడం ఒకటి, పెద్ద చక్రం బరువు ఇంకొకటి. కాలితో తొక్కితే కింది చక్రం తిరిగి, ఆ తిరుగుడు బెల్టు ద్వారా పైకి వచ్చి, ఒకసారి ఊపందుకున్నాక సూది బట్టలోకి దిగే క్షణంలో ఆ బరువే నెట్టుకుపోతుంది. చిన్న మోటారుకు ఆ వెనుకబలం ఉండదు. పైగా ఇక్కడ వేగం మన కాలి కింద ఉంటుంది. కుట్టు కుట్టుకూ ఆపవచ్చు, ఒక్క కుట్టు మాత్రమే వెయ్యవచ్చు, అవసరమైతే చేత్తో చక్రం తిప్పుతూ మందమైన చోటును దాటించవచ్చు.

అయితే కొనగానే కూర్చుని బొంత కుట్టవచ్చని అనుకోవద్దు. మూడు సర్దుబాట్లు కుదరాలి. మొదటిది కుట్టు పొడవు: జాకెట్టుకు పెట్టే సన్న కుట్టు బొంతకు పెడితే బట్ట బిగుసుకుని అట్టలా తయారవుతుంది, అంగుళానికి ఆరేడు కుట్లు చాలు. రెండవది పై దారం బిగువు: పై దారం, కింది దారం ముడిపడే చోటు పొరల నడిమధ్యన దాక్కోవాలి. అది పైకి కనబడితే పై బిగువు ఎక్కువైనట్టు, కింద ఉచ్చుల్లా వేలాడితే తక్కువైనట్టు. మూడవది, చాలామంది తాకనైనా తాకనిది, బట్టను నొక్కిపట్టే పాదం ఒత్తిడి. మిషను తలమీద ఉండే మరను కొంచెం వదులు చెయ్యకపోతే పై చీర ముందుకు తోసుకుపోతుంది. కింది పళ్లు అడుగు పొరను లాగుతాయి, పాదం పై పొరను ఆపుతుంది; ఏడడుగుల గీత చివరికి వచ్చేసరికి పై చీర అంగుళం మిగిలిపోయి ముడత పడుతుంది. నా మొదటి మూడు బొంతలూ అలాగే పోయాయి. వాటి మీద ఇప్పుడు మా వీధి కుక్క నిద్రపోతోంది.

చీరల ఎంపిక కూడా మిషను పనితనంలో భాగమే. మంగళగిరి, వెంకటగిరి, చీరాల నేత చీరలు పదేళ్లు కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డవైతే సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. గంజి పెట్టి దాచిన చీర అయితే ముందు రెండు నీళ్లు పోసి గంజి వదలగొట్టాలి, లేకపోతే సూది వేడెక్కి దారం తెగుతుంది. పాలిస్టరు కలిసిన చీరలు జారిపోతాయి, నేను తీసుకోను. బీరువాలో ఏళ్లపాటు ఉన్న చీరలకు కలరా ఉండల వాసన ఎంతకీ వదలదు. రెండు రోజులు నీడలో ఆరబెట్టాకనే మిషను మీదికి తీసుకుంటాను.

ఇప్పుడు ఈ మిషను అసలు లోపం గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవారికి దీన్ని ఎవరూ చెప్పరు. సూదికీ, కుడివైపు నిలువు కమ్మీకీ మధ్య ఉండే ఖాళీ చోటు జానెడు కూడా ఉండదు. జాకెట్టుకు అది కావలసినంత. బొంత నడిమి గీత కుట్టాలంటే మాత్రం దాదాపు రెండడుగుల వెడల్పు గల ఆరు పొరల బట్టను చాప చుట్టినట్టు చుట్టి ఆ జానెడులో ఇరికించాలి. మిగిలిన సగం ఎడమవైపు కిందికి వేలాడుతుంది, ముందుకూ వెనక్కూ ఏడడుగుల పొడవు జారుతూ ఉంటుంది. ఆ బరువంతా సూదిని పక్కకు లాగుతుంది. సూది వంగుతుంది, కింద ఇనుపరేకుకు తగులుతుంది, విరుగుతుంది. నడిమి గీత నుంచి మొదలుపెట్టి అంచుల వైపుకు కుట్టుకుంటూ పోతే పని పోనుపోను తేలికవుతుంది గాని, మొదటి పదిహేను గీతలకూ బొంత బరువు మోయడానికి ఇంకో మనిషి వెనక నిలబడి తీరాలి.

ఆ రెండో మనిషి మా అత్తయ్య. నేను మిషను ముందు కూర్చుంటే ఆవిడ మిషను వెనక ఎత్తుపీట వేసుకుని కూర్చుని, కుట్టయి వచ్చిన బొంతను రెండు చేతులా అందుకుని ఒడిలోకి దింపుకునేవారు. లాగకూడదు, వదలకూడదు, మిషను ఎంత ఇస్తే అంతే తీసుకోవాలి. ఆ లయ ఆవిడకు వెంటనే పట్టుబడింది. "ఆగమ్మాయ్, మడత పడింది" అంటే నేను తొక్కడం ఆపేదాన్ని. చీరలు పరచడం, పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేయడం, కుట్టయ్యాక ఆ టాకాల దారాలు పీకడం కూడా ఆవిడ చేతుల మీదుగానే జరిగేవి. ఆదివారాలు మావారు మిషను తిరగేసి పాత బ్రషుతో దూది తీసి నూనె వేసేవారు. మా అమ్మాయి గుడ్డముక్కల మీద ఎవరి చీరలో వారి పేర్లు రాసేది, ఏ మూటలో ఏ చీర ఉందో నోటుపుస్తకంలో ఎక్కించేది. పనితనం బాగుందని నేను పైన రాసిన ప్రతి వాక్యంలోనూ ఈ చేతులన్నీ ఉన్నాయి. ఇన్ని చేతులు లేని ఇంట్లో ఇదే మిషను ఇలాగే పనిచేస్తుందని నేను చెప్పలేను.

మొదట్లో బొంతకు ఆరు వందలు తీసుకునేదాన్ని. దారం, సూదులు, నూనె కలిపి యాభై పోను ఐదు వందల యాభై మిగులుతోందని ఎంతో సంబరపడేదాన్ని. 2022 చలికాలంలో అత్తయ్య మా ఆడపడుచు కాన్పుకు వెళ్లి మూడు నెలలు ఉండిపోయారు. అప్పుడు తెలిసింది లెక్క. అంతకుముందు నెలకు పద్నాలుగు బొంతలు ఇచ్చిన దాన్ని, మొదటి నెలలో ఐదు ఇచ్చాను. వెనక ఆవిడ కూర్చునే చోట రెండు కుర్చీలు, ఒక ఇస్త్రీ బల్ల పెట్టి చూశాను. కుర్చీ బొంతను పట్టుకుంటుంది గాని అందుకోదు. ఒకరోజు బరువు ఒక్కసారిగా జారి సూది ముక్కలైంది. రెండు ముక్కలు దొరికాయి, మొన మాత్రం బొంతలోకి పోయింది. పసిపిల్లకు కప్పే బొంత అది! పాత స్పీకరులోంచి మావారు ఊడదీసి ఇచ్చిన అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికితే రాత్రి పదకొండు గంటలకు మొన దొరికింది. ఆ అయస్కాంతాన్ని అప్పటి నుంచి మిషను సొరుగులోనే ఉంచుతున్నాను. మీరు కూడా ఒకటి కొనుక్కోండి. విరిగిన సూది ముక్కలన్నీ కలిపి పూర్తి సూది కాకుండా బొంతను ఇల్లు దాటనివ్వకూడదు.

ఆ మూడు నెలల్లో ఒక రాత్రి కూర్చుని గంటలు లెక్క వేశాను. ఒక బొంతకు నేను మిషను మీద నాలుగు గంటలు, వెనక మనిషి నాలుగు గంటలు, పరచడానికీ టాకాలు వెయ్యడానికీ ఇద్దరం చెరో మూడు గంటలు, మొత్తం పద్నాలుగు గంటలు. ఐదు వందల యాభైని పద్నాలుగుతో భాగిస్తే గంటకు నలభై రూపాయలు కూడా రాదు. అందులోనూ అత్తయ్య గంటలకు నేను వేసిన కూలి సున్నా. నా వ్యాపారం లాభంలో ఉందని అందరికీ చెప్పుకున్నాను గాని, ఆ లాభం ఆవిడ ఏడు గంటల కూలి. అమ్మ చీటీ మీద పోగొట్టుకున్నది, మావారి ఆదివారాలు, పిల్ల రాత లెక్కలోకి తేలేదు. ఈ మిషను కొని ఇంతకు ఇంత సంపాదిస్తున్నామని ఎవరైనా చెబితే, మిషను వెనక ఎవరు కూర్చుంటున్నారు, వారికి ఎంత ఇస్తున్నారు అని తప్పకుండా అడగండి. ధర ఆ జవాబులో ఉంటుంది.

ధరను పద్నాలుగు వందలకు పెంచాను. అడిగేవారు తగ్గుతారని భయపడ్డాను. కొందరు తగ్గారు కూడా. అత్తయ్య తిరిగి వచ్చాక బొంతకు ఇంత అని ఆవిడకు కూలి ఇవ్వడం మొదలుపెట్టాను. ఇంట్లో మనిషికి కూలేమిటని ఆవిడ నెలరోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకనాడు, లెక్కలో రెండు బొంతలు తక్కువ వేశానని ఆవిడే పట్టుకున్నారు.

అయినవాళ్ల ప్రేమకూ ఈ వస్తువుకూ ముడి వెయ్యడం కొత్తేమీ కాదు. గాంధీజీ 1924లో యంత్రాల గురించి మాట్లాడుతూ, తాను వ్యతిరేకించని యంత్రాలకు ఉదాహరణగా సింగర్ కుట్టుమిషనును చూపించారు. భార్య చేత్తో కుట్టలేక పడుతున్న అవస్థ చూసి, ఆమె మీద ప్రేమతోనే సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన అన్నారు. చరిత్ర అంత ముచ్చటగా లేదు. ఎలియాస్ హోవే అమెరికాలో 1846లోనే కుట్టుమిషనుకు పేటెంటు పొందాడు. ఐజాక్ సింగర్ మెరుగుపరచిన మిషనుకు 1851లో పేటెంటు తీసుకుని, ఆ తర్వాత హోవేకు రాయల్టీ కట్టవలసి వచ్చింది. సింగర్‌కు ఉన్నది ఒక్క సంసారమూ కాదు, ఇరవైమందికి పైగా పిల్లలు. ఎవరి అవస్థ చూసి మిషను చేశాడో చెప్పడం కష్టమే. అయితే సింగర్ కంపెనీ 1850లలోనే వాయిదాల మీద మిషన్లు అమ్మడం మొదలుపెట్టి, ఒక్కసారి డబ్బు పెట్టలేని ఇళ్లలోకి కూడా వాటిని చేర్చింది. మా ఇంట్లో ఆ వాయిదాలు కట్టింది అమ్మ చీటీ.

నిర్వహణ సంగతి క్లుప్తంగా చెప్తాను. రోజూ వాడితే వారానికొకసారి మిషను నూనె, అదీ చుక్క చుక్క. కొబ్బరినూనె వేస్తే జిగురు కట్టి బిగుసుకుపోతుంది. పాత చీరల నుంచి రాలే దూది పళ్ల కిందా, బాబిను గూట్లోనూ పేరుకుంటుంది, ప్రతి బొంతకూ ఒకసారి తుడవాలి. తోలు బెల్టు వర్షాకాలంలో సాగుతుంది. అరంగుళం కత్తిరించి మళ్లీ కొక్కెం వేస్తే సరిపోతుంది. శబ్దం ఉంది, రాత్రి తొమ్మిది దాటితే పక్కింటివారు గోడ తడతారు. బరువు సంగతి సరేసరి, ఇల్లు మారేటప్పుడు ఇద్దరు మగవాళ్లు కావాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం దీన్ని నేను సిఫారసు చెయ్యను. నాకు ఇప్పుడు నలభై మూడేళ్లు, వరసగా రెండు బొంతలు కుట్టిన రోజు సాయంత్రం మెట్లెక్కడం కష్టంగానే ఉంటుంది.

పాతది కొనేవారు మిషనుతో పాటు వచ్చే కబుర్లు వినకుండా, ఆరు మడతల పాత నూలుగుడ్డ ఒకటి చేత పట్టుకుని వెళ్లండి. దాని మీద మూరెడు కుట్టు కుట్టించి, రెండు వైపులా తిప్పి చూడండి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఎక్కడా పట్టేసినట్టు ఉండకూడదు. సూదిని వేళ్లతో పక్కకు కదిపి చూస్తే కడ్డీ వదులుగా ఆడకూడదు. పై రంగు పోయినా ఫరవాలేదు. బాగా వాడిన మిషను రంగు పోక ఏమవుతుంది?

డబ్బుకు ఇబ్బందిపడేవారు ఒక విషయం తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు వోచరు, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు ఐదు శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే అర్హత. చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వానికి కట్టవలసిన రుసుమేమీ లేదు, ఆధార్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇవేమీ నేను మొదలుపెట్టినప్పుడు నాకు తెలియవు. పథకమైతే అప్పటికి పుట్టనే లేదు. తెలిసి ఉంటే అమ్మ చీటీ నష్టానికి పాడేది కాదు. అయినా పాడేదేమో, చెప్పలేను.

ఐదుకు నాలుగు ఇస్తాను. జానెడు చోటు కోసం ఒకటి తగ్గించాను. ఒంటరిగా పని చేసుకునేవారికి, ముఖ్యంగా వెనక కూర్చునే మనిషికి కూలి ఇచ్చే వీలు ఇంకా లేనివారికి, బొంతల బదులు దిండుగలీబులతో, పసిపిల్లల పక్కబట్టలతో మొదలుపెట్టమని చెప్తాను. రెండడుగుల చదరం వరకు ఈ మిషను మీద ఒక్క మనిషే తిప్పుకోవచ్చు, ఆ కొలతలో దీనికి ఐదుకు ఐదు.

నా మోకాళ్లు చూసి మావారు క్రితం దీపావళికి ఈ మిషనుకు బిగించే చిన్న మోటారు తెచ్చారు. అడగకుండానే తెచ్చారు, మా ఇంట్లో అదొక ఆనవాయితీ అయిపోయింది. ఈసారి మాత్రం ఆరు నెలలు ఆగకుండా ఆ రాత్రే చెప్పేశాను: మోటారు పెడితే వేగం పెరుగుతుంది, వెనక అత్తయ్య చేతులు ఆ వేగాన్ని అందుకోలేవు, ఆవిడ ఆగమన్న మాట వినిపించి నేను ఆపేలోపు మూడు కుట్లు ఎక్కువ పడతాయి. ఆయన కాసేపు ఆలోచించి, పెట్టె విప్పకుండానే అటక మీద పెట్టారు. తిరిగి ఇచ్చే గడువు దాటిపోయింది. కొనదలచినవారు ఎవరైనా ఉంటే బిల్లుతో సహా ఇస్తాను.